తాడు అమ్మినోనిదే

ఆ రోజుల్లో మా ఇటిక్యాల వైపు ఎవరైనా "బండి కొన్నం" అంటే వినేవాళ్ళు "ఏ బండి?" అని అడిగేవారు. ఎడ్ల బండి కావచ్చు, కిరాయి జీపు కావచ్చు, మిర్చి బజ్జీల తోపుడు బండి కావచ్చు. ఇప్పుడు ఆ అనుమానం ఎవరికీ లేదు. బండి అంటే మోటారు సైకిలే. మొన్న నాగర్‌కర్నూలులో నేను పాఠాలు చెప్పే కాలేజీ గేటు దగ్గర నిలబడి చూశాను. పిల్లలు ఒక్కొక్కరే వస్తున్నారు, మీట నొక్కుతున్నారు, సుయ్యిమని పోతున్నారు. వాళ్ళలో ఒక్కడికైనా బండి కదలాలంటే ముందు ఒక ముసలాయన చొక్కా పైకెత్తాల్సిన గతి పట్టి ఉంటుందా? పట్టదు. నాకు పట్టింది. (నవ్వకండి, ఇంకా మొదలే పెట్టలేదు.)

నేను వనపర్తిలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నప్పుడు మా ఊరికి పొద్దున పూట వచ్చే ఒకే ఒక్క బస్సు ఆగిపోయింది. ఎందుకు ఆగిందని అడిగితే రోడ్డు బాగలేదన్నారు. రోడ్డెందుకు బాగలేదని అడిగితే, బస్సే రాని ఊరికి రోడ్డెవరు వేస్తారన్నారు. ఈ రెండు జవాబుల మధ్య పడి నా హాజరు నలిగిపోయింది. ఆటో పట్టుకుని హైవేకు, అక్కడ ఆగిన బస్సులో ఒంటికాలి మీద పెబ్బేరుకు, అక్కడినుంచి వనపర్తికి చేరేసరికి మొదటి రెండు క్లాసులూ అయిపోయేవి. హాజరు పిలిచే సారు (మేం ఆయనకు పెట్టుకున్న పేరు 'గైరు సారు', ఎందుకంటే ఆయన 'హాజరు' అనే మాట పలకగా ఎవరూ వినలేదు) ఒకరోజు నన్ను గుమ్మంలోనే నిలబెట్టి, "ఇంగొక్క నెల గిట్లనే అయితె నిన్ను పరీక్షకు కూసోనియ్య. పోయి బర్లు కాసుకో" అన్నాడు. మాకు బర్రెలు లేవు, ఉన్నది ఒక జత ఎడ్లేనని చెబుదామనుకున్నాను కానీ, అది వాదన పెట్టుకునే సమయం కాదనిపించి ఊరుకున్నాను. హాస్టల్లో సీట్లు నిండిపోయాయి. బండి లేకపోతే చదువు లేదు. విషయం అంత తేటగా ఉంది.

తేటగా లేనిది మా నాయిన చేతిలోని డబ్బు సంగతి. సరిగ్గా ఆ వారమే మా బోరు మోటారు కాలిపోయింది. పల్లీలు అమ్మిన పైసలు ఒళ్ళో పెట్టుకుని నాయిన ఒక పూటంతా అరుగు మీద కూర్చున్నాడు, మోటారుకా, మోటారు సైకిలుకా అని. చివరికి తీర్పు చెప్పాడు. "ఆయితారం దాక టైమిస్తున్న. గంతల్ల బండి దొరికిందా, కాలిన మోటరుకే వైండింగు చేపిచ్చి ఎట్లనో నెట్టుకొస్త. దొరకలేదా, సోమారం పొద్దుగాల పోయి కొత్త మోటరు తెస్త, నువ్వు నా ఎంట పొలానికి రా. ఇంగొక మాట. మీ తాత సూడాలె, మీ తాత ఊ అనాలె. నీకొక్కనికి పైసలియ్య." ఆ చివరి షరతు వినగానే బండి మీద ఆశ సగం వదులుకున్నాను.

ఎందుకంటే మా తాతను చుట్టుపక్కల ఊళ్ళలో 'సుడుల తాత' అనేవారు. ఎద్దు ఒంటి మీద వెంట్రుకల సుడులు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి, అది ఆ ఇంటికి అచ్చొస్తుందో ఆ ఇంటిని ముంచుతుందో చెప్పేవాడు. పళ్ళు లెక్కపెట్టి దాని వయసు కూడా చెప్పేవాడు. పెబ్బేరు సంతలో ఆయన చెయ్యి పడకుండా మా ఊరివాళ్ళెవరూ ఎద్దు కొనేవాళ్ళు కాదు. అది ఒకప్పటి మాట. తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి. ట్రాక్టరుకు సుడులుండవు. తాతను పిలిచేవాళ్ళు ఒకరొకరే తగ్గిపోయి, చివరికి ఎవరూ లేరు. సంత రోజు మాత్రం ఆయన పొద్దున్నే లేచి తలకు తువాలు చుట్టుకుని, ఎటూ పోకుండా సాయంత్రం దాకా అరుగు మీదే కూర్చునేవాడు. అలాంటి మనిషితో నాయిన, "బండి సూసొస్తవా?" అని అడిగేసరికి తాత అరుగు మీదినుంచి లేచాడు. లోపలికి పోయి స్నానం చేసి, పెట్టెలోంచి తెల్ల ధోవతి తీసి కట్టుకుని, మీసం దువ్వుకుని బయటికొచ్చి, "గొడ్డయితేంది, బండయితేంది? కొనేటోనికి కండ్లుండాలె. పా" అన్నాడు. ఆ ముఖంలో వెలుగు చూశాక, తాతా నువ్వొద్దులే అనడానికి నాకు నోరు రాలేదు.

మొదట వనపర్తి. అక్కడ నాకొక దోస్తు ఉండేవాడు, వాడిని 'మైలేజి' అని పిలిచేవాళ్ళం. ఏ బండి లీటరుకు ఎంతిస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. వాడికి సొంతంగా సైకిలు కూడా లేదు. వాడు చూపించిన బండి ఎర్రగా, ముందు భాగం పొడుచుకొచ్చి, వెనక సీటు ఆకాశానికి లేచి, చూడగానే నా మనసు లాగేసింది. అప్పటికే నేను ఊహలో దాని మీద కాలేజీ గేటులోంచి లోపలికి పోయి, అమ్మాయిలు నిలబడే మెట్ల దగ్గర బ్రేకు కూడా వేసేశాను. తాత బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. వెనక సీటు మీద అరచేత్తో ఫట్టున కొట్టి, అది బెదురుతుందా అని కాసేపు చూశాడు. అది బెదరలేదు. బండి యజమాని బెదిరాడు.

"పెద్దాయనా, ఏం సూస్తున్నవ్?"

"పండ్లు. ఎన్ని పండ్లేసింది?"

"బండికి పండ్లేంది తాతా, నీకేమన్న..." అని వాడు ఆగిపోయాడు, ఎందుకంటే తాత అప్పటికే ట్యాంకు కుడి పక్కన ఒక సొట్టను కనిపెట్టి, దాని మీద చూపుడువేలు గుండ్రంగా తిప్పుతున్నాడు. తిప్పి తిప్పి, చెయ్యి ధోవతికి తుడుచుకుని, నన్ను పక్కకు పిలిచి రహస్యంగా చెప్పాడు (ఆయన రహస్యం బస్టాండు దాకా వినబడుతుంది): "ఇది పాడె సుడిరా. గీ జాగల సుడి ఉంటె ఎక్కినోడు ఎనుకకు రాడు. ఒద్దు." బండి యజమానికి ఆ మాట అక్షరం పొల్లుపోకుండా వినబడింది. ఆ తర్వాత ఆయన మా మీద పలికిన పలుకులు వనపర్తి మొత్తానికి వినబడ్డాయి. మైలేజి నా చెయ్యి పట్టుకుని లాగుతూ, "మీ తాతను ఇంట్ల పెట్టి రారాదురా!" అని ఏడుపు గొంతుతో అన్నాడు. నేను ఆ ఎర్ర బండి వైపు సందు మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే నడిచాను.

తర్వాత నాగర్‌కర్నూలు. ఇది కూడా మైలేజి ఎక్కడో విని చెప్పిందే. మన్ననూర్ దగ్గర అడవిలో వాచరుగా పనిచేసే ఒకాయన బండి, వాళ్ళ బావమరిది ఇంటి ముందు అమ్మకానికి పెట్టారు. సీటు చిరిగింది, అద్దాలు లేవు, ముందు చక్రం మీది రేకు దేనికో తగిలి మెలి తిరిగింది. ఆ వాచరు మాత్రం మర్యాదస్తుడు, అబద్ధం ఆడటం రానివాడు. చేతులు కట్టుకుని నిలబడి, "సీటు పాడే, బ్రేకులు పాడే, దాసిపెట్టేదేం లేదు. గని హారను మాత్రం కొత్తది సార్. షోరూముల ఉన్నట్టే ఉన్నది. పులుల అడివి కద, హారను కొట్టనియ్యరు. ఇన్నేండ్లల్ల ఒక్కపారి గుడ కొట్టలే" అన్నాడు. కొట్టి చూపించమంటే ఆయనకు చెయ్యి రాలేదు. అలవాటు తప్పి ఎట్లా కొడతాడు, పాపం. నేనే నొక్కాను. లారీ హారను లాగా మోగింది. వీధిలో కుక్కలన్నీ లేచి నిలబడ్డాయి. నాకు ఆ బండి కూడా నచ్చింది. (ఆ వారంలో నాకు నచ్చని బండి లేదు. నిలబెడితే తోపుడు బండి కూడా నచ్చేది.) తాత వాచరు పక్కన కూర్చుని, బీడీ ఇచ్చి, తీరిగ్గా అడిగాడు, ఈ బండి మీద పోతుంటే ఎప్పుడన్నా పులి ఎదురైందా అని. "ఒక్కసారి అయింది పెద్దాయనా. రోడ్డు మీదనే కూసుంది. నేను లైటార్పి నిలబడిన. జరసేపటికి అదే లేశి పోయింది" అన్నాడాయన. తాత లేచి దులుపుకున్నాడు. "పులిని సూసిన గొడ్డు మందల నిలువదు నాయినా. ఏమనుకోకు" అని ఆయన భుజం తట్టి బయల్దేరాడు. ఆశ్చర్యం ఏమిటంటే, ఆ వాచరు కూడా తల ఊపి, "అవు, అది నిజమే" అన్నాడు. నేను తిరుగు బస్సులో తాతతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆయన మాత్రం కిటికీలోంచి కనబడిన ప్రతి ఎద్దు గురించీ నాకు చెబుతూనే ఉన్నాడు.

ఆదివారం వచ్చింది. నాయిన పొద్దున్నే కొత్త మోటారు ధర కనుక్కోవడానికి ఎవరికో ఫోను చేస్తున్నాడు. ఆ మాటలు నాకు వినబడాలనే గట్టిగా మాట్లాడుతున్నాడు. ఇక మిగిలింది గద్వాల. అక్కడ పాత బండ్లు బాగుచేసి అమ్మే ఒక పెద్దాయన ఉండేవాడు. ఎంత మొండి బండినైనా ఒక్క కిక్కుతో లేపుతాడని అందరూ ఆయనను 'కిక్కు చాచా' అనేవారు. బయల్దేరేముందు తాత ఒక సంచిలో ఏదో పెట్టుకోవడం చూశాను. సద్ది అనుకున్నాను. దారి పొడుగునా నేను ఆయనను బతిమాలుతూనే ఉన్నాను. "తాతా, ఇయ్యాల నువ్వు ఊ అనకపోతె నా సదువు అయిపోయినట్టే. రేపటికెల్లి పొలమే." తాత సంచిని ఒళ్ళోకి లాక్కున్నాడు. తర్వాత నెమ్మదిగా, "నేను ఊ అన్న ఎద్దు ఒక్కటన్న కాడి ఇరగ్గొట్టిందారా? మల్ల ఇంత తొందర పెడ్తవేంది?" అన్నాడు. ఆ గొంతు విన్నాక నాకు తెలిసింది, ఆ ప్రయాణంలో ఏదో తేలాల్సి ఉన్నది నా ఒక్కడి సంగతే కాదని.

చాచా దుకాణంలో నా డబ్బుకు అందే బండి ఒక్కటే ఉంది. నల్లగా ఉండేది ఎప్పుడో, ఇప్పుడు ఏ రంగో చెప్పడం కష్టం. తాత తన పరీక్ష మొదలుపెట్టాడు. సుడులు లేవు. వెనక కొట్టాడు, బెదరలేదు. అప్పుడు చాచా చైను మీది రేకు విప్పి పక్కన పెట్టాడు. తాత వంగి చూసి ఒక్కసారిగా కేక వేశాడు. "ఇగో! ఎవడు లేవన్నడు? ఇగో పండ్లు!" చైను తిరిగే చక్రానికి ఉన్న పళ్ళను వేలితో ఒక్కొక్కటీ తడిమాడు. అవి అరిగి అరిగి మొండిగా అయ్యాయి. ఎద్దుకైతే పళ్ళు సమంగా అరగడం అంటే సోయిలోకి వచ్చిన గొడ్డు, తొందరపడదు, మాట వింటుంది. బండికైతే ఆ చక్రం మార్చాలి అని అర్థం. ఆ సంగతి నాకు తర్వాత నెలలో చైను తెగినప్పుడు తెలిసింది. తాత మాత్రం నడుము మీద చేతులు పెట్టుకుని నిటారుగా నిలబడి, నా వైపు తిరిగి, "ఊ" అన్నాడు.

నేను ఎగిరి గంతేసేలోగా ఆయన భుజం మీది తువాలు తీసి, కుడి చేతి మీద కప్పుకుని, ఆ చెయ్యి చాచా ముందుకు చాపాడు. సంతలో బేరం అలాగే చేస్తారు. అమ్మేవాడూ కొనేవాడూ తువాలు కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని ధర చెప్పుకుంటారు, చుట్టూ ఉన్నవాళ్ళకు ఒక్క ముక్క తెలియదు. ఇక చాచా నవ్వుతాడు, ఇక మమ్మల్ని పొమ్మంటాడు అని నేను కళ్ళు మూసుకున్నాను. చప్పుడు లేదు. తెరిచి చూస్తే చాచా కళ్ళు మెరుస్తున్నాయి. "యా అల్లా! మా అబ్బాజాన్ పోయినంక మల్ల ఇప్పుడే సూస్తున్న! ఆయన పెబ్బేరు సంతల ఎడ్ల బేరమే చేసెటోడు" అంటూ చేతికున్న గ్రీజు తుడుచుకుని, తువాలు కిందికి చెయ్యి దూర్చాడు. ఇద్దరూ పాత టైర్ల మీద ఎదురెదురుగా కూర్చున్నారు. తాత కనుబొమ లేస్తుంది, చాచా తల అడ్డంగా తిరుగుతుంది. చాచా "తోబ తోబ" అంటాడు, తాత ఆకాశం వైపు చూస్తాడు. తువాలు కింద వేళ్ళు కుస్తీ పడుతున్నాయి. లోపలి జేబులో డబ్బు పెట్టుకుని నిలబడ్డ నాకు మాత్రం ఏమీ తెలియదు. అది నా దగ్గరున్నదానికి మించుతోందా, లోపలే ఉందా? కొనేది నేను, ఎక్కేది నేను, నాకే తెలియకపోతే ఎట్లా? ఒకసారి ఆగలేక తువాలు అంచు ఎత్తబోయాను. ఇద్దరూ కలిసి నా చెయ్యి మీద ఒక్కటిచ్చారు. చివరికి చాచా నిట్టూర్చి, "పెద్దాయనా, నన్ను ముంచినవ్ పో" అంటూ చెయ్యి బయటికి తీశాడు. బేరం తెగింది. నా దగ్గరున్నదానిలోనే తెగింది, బజ్జీలకు కూడా మిగిలింది.

డబ్బిచ్చాం, కాగితాలు తీసుకున్నాం. అప్పుడు తాత సంచి తెరిచాడు. అందులో సద్ది లేదు. కొత్త తాడు ఉంది. పేనిన వాసన కూడా పోని, పచ్చి కొత్త పలుపు. దాన్ని హ్యాండిలుకు రెండు చుట్లు చుట్టి ముడి వేశాడు. వెంటనే చాచా బండికి పెట్టి ఉన్న తాళంచెవి లాగి, కళ్ళకద్దుకుని, తన జేబులో వేసుకున్నాడు. తాత తృప్తిగా తల ఊపాడు. నాకు ఒక్క క్షణం ఏం జరిగిందో అర్థం కాలేదు.

"చాచా, తాళం?"

ఇద్దరూ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. పెద్దవాళ్ళ ముందు అనరాని మాట ఏదో అన్నట్టు చూశారు. "గొడ్డునమ్మితె తాడియ్యరు బేటా. తాడు అమ్మినోనిదే. తాడు గుడ ఇస్తె ఇంట్ల బర్కత్ పోతది, కలిసి రాదు. కొనేటోడు కొత్త తాడు తెచ్చుకోవాలె, మీ తాత తెచ్చిండు. పెద్దాయన సంత పద్ధతిల కొన్నడు, నేను సంత పద్ధతిల అమ్మిన" అన్నాడు చాచా. నేను ఏడుపు ఒక్కటే తక్కువగా చెప్పాను, చాచా, ఇది ఎద్దు కాదు, తాడుతో లాగితే రాదు, తాళం లేకపోతే కదలదు అని. చాచా మెత్తని మనిషి. నా ముఖం చూసి జాలిపడి, జేబులో చెయ్యి పెట్టి తాళంచెవి తీయబోయాడు. తాత ఆయన మణికట్టు పట్టుకుని ఆపాడు.

"ఒద్దు. బతిమిలాడి తాడు తెచ్చుకున్నడని రేపు సంతల అంటరు."

"తాతా, గద్వాలల బండి కొన్న సంగతి సంతల ఎవనికి తెలుస్తది?"

"నాకు తెల్వదా?" అన్నాడు తాత.

 ఆ తర్వాత జరిగినదానికి ఆ వీధి వీధంతా సాక్షి. చాచా ఒక ఉపాయం చెప్పాడు, ఈ బండి తాళం అరిగిపోయి ఉంది, సరిపోయే చెవి ఏదో ఒకటి ఎవరి దగ్గరో ఉండకపోదు అని. పక్కన చీరల దుకాణం ఆయన షట్టరు చెవి తెచ్చాడు, దూరలేదు. టీ కొట్టు ఆయన గల్లాపెట్టె చెవి తెచ్చాడు, దూరింది గానీ తిరగలేదు. బస్సు కోసం నిలబడ్డ ఒక ఆమె సూట్‌కేసు చెవి ఇచ్చి, "పైలం నాయినా, ఇరిగితె మా ఆయన సంపుతడు" అంది. మా ఇంటి చెవి, సైకిలు చెవి, ఎవరిదో చెవిలో గులిమి తీసుకునే పుల్ల, అన్నీ అయ్యాయి. చివరికి తాత గొంతు సవరించుకుని, చొక్కా కొంచెం పైకెత్తాడు. ఆయన మొలతాడుకు ఒక చిన్న ఇత్తడి తాళంచెవి కట్టి ఉంటుంది. మా అవ్వ, అంటే నాయనమ్మ, అటక మీద పెట్టుకున్న పెట్టెది. దాన్ని తాళంలో పెట్టి తిప్పాడు. టక్కుమని తిరిగింది. లైటు వెలిగింది. వీధంతా చప్పట్లు కొట్టింది.

అయితే మొలతాడు విప్పడానికి తాత ఒప్పుకోలేదు. "బతికున్న మనిషి మొలతాడు ఇప్పుతడా? ఏం మాట్లాడుతున్నవ్రా?" అని కసిరాడు. కాబట్టి పద్ధతి ఇలా కుదిరింది. తాత బండికి ఆనుకుని, ట్యాంకును కావలించుకున్నట్టు నిలబడి, నడుము తాళం దగ్గరికి తెచ్చి చెవి తిప్పాలి. నేను కిక్కు కొట్టాలి. ఇంజను అందుకోగానే తాత చెవి లాగేసుకుని (తాళం అరిగింది కాబట్టి చెవి వచ్చేసేది, ఇంజను ఆగేది కాదు) వెనక ఎక్కి కూర్చోవాలి. బండి ఆగినప్పుడల్లా మళ్ళీ ఇదంతా చెయ్యాలి. అది ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా ఆగింది. రైల్వే గేటు దగ్గర, అటు ఇటు బండ్లన్నీ నిలిచి ఉండగా, గేటు లేచిన సమయానికి ఆగింది. తాత దిగాడు, బండిని కావలించుకున్నాడు. పక్కన రాయచూరు నుంచి వస్తున్న బస్సులోంచి ఒకాయన తల బయటపెట్టి, "అజ్జా, ఏన్ మాడ్తీరి?" అని కన్నడంలో అడిగాడు, ఏం చేస్తున్నావు తాతా అని. ఆయన పక్కనున్న ఆడమనిషి కళ్ళొత్తుకుంటూ, "బండి అమ్ముకుంటున్నట్టుండు, పాపం, ఇడువలేక పట్టుకున్నడు" అంది. నేను హెల్మెటు లేనందుకు ఆ రోజు పడ్డంత బాధ మళ్ళీ ఎప్పుడూ పడలేదు, ముఖం దాచుకోవడానికి ఇంకేదీ దొరకలేదు మరి.

ఇంటికి చేరాక అవ్వ దిష్టి తీసింది. నాయిన బండి చుట్టూ తిరిగి, "ఎంతకు తెగింది?" అని అడిగాడు. "తువాల కింది మాట చెప్పరు" అన్నాడు తాత. "మిగిలిన పైసలు సూసుకుంటె తెలుస్తది కద నాయినా!" అని మా నాయిన అంటే, "సూసుకో. నేనైతె చెప్ప" అన్నాడు. తర్వాత బండిని కొట్టంలోకి తోసుకుపోయి, ఎడ్ల పక్కన గుంజకు ఆ కొత్త తాడుతో కట్టేశాడు. కొత్త గొడ్డు కదా, ఇల్లు అలవాటయ్యేదాకా వదిలితే పాత ఇంటికి ఉరుకుతుందట. అవ్వ దానికి కుడితి పెట్టలేదు, అంతవరకు సంతోషం.

మర్నాడు నేను కాలేజీకి పోవాలి. బండి కదలాలంటే తాత కావాలి, సాయంత్రం తిరిగి రావాలంటే కూడా తాతే కావాలి. కాబట్టి తాత నాతోపాటు కాలేజీకి వచ్చాడు. నేను ఊహించుకున్న ఆ మెట్ల ముందు, అమ్మాయిలందరూ చూస్తుండగా, తెల్ల ధోవతి ముసలాయనను వెనక కూర్చోబెట్టుకుని బ్రేకు వేశాను. డబ్బున్నవాళ్ళ పిల్లలకు డ్రైవర్లుంటారు. నాకు తాళంచెవి ఉండేది, అది రోజంతా సైకిల్ స్టాండు నీడలో కూర్చుని బీడీలు తాగింది. గైరు సారు నా పేరు పిలిస్తే "ఉన్న సార్" అన్నాను. ఆయన నమ్మలేక తలెత్తి రెండోసారి పిలిచాడు. కిటికీలోంచి చూస్తే తాత స్టాండువాడికి నా బండి చైను పళ్ళు చూపిస్తూ ఏదో చెబుతున్నాడు.

సాయంత్రం మైలేజి మమ్మల్ని బజారులో తాళాలు చేసేవాడి దగ్గరికి తీసుకుపోయాడు. వాడు నమూనా ఇమ్మంటే తాత నడుము ముందుకు పెట్టాడు. వాడు చెవిని చూస్తూ ఆకురాయి పడుతుంటే, తాత తాడుకు కట్టేసినట్టు పక్కనే నిలబడి, "జర పైలం, అది నా మొలతాడు" అని హెచ్చరిస్తూ ఉన్నాడు. అలా నా బండికి చెవి వచ్చింది. దానితోపాటు అవ్వ పెట్టెకు కూడా రెండో చెవి వచ్చింది. పెట్టెలో మురుకులుండేవి, బెల్లం ఉండేది. ఎన్నిసార్లు తీసినా అవ్వకు ఇట్టే తెలిసిపోయేది. "మురుకులకు పెట్రోలు వాసనొస్తుందిరా దొంగ సచ్చినోడా!" అని చీపురు పట్టుకుని వచ్చేది. ఆ ఏడు నేను పరీక్షకు కూర్చున్నాను, తర్వాతి ఏడు కూడా. చైను తెగింది, టైర్లు మారాయి, కాడి మాత్రం విరగలేదు. ఊళ్ళో పాత బండి కొనాలనుకున్న కుర్రాళ్ళు ఒకరిద్దరు వచ్చి, "తాతా, జర సూసిపెడ్తవా?" అని అడగడం మొదలుపెట్టారు. తాత తువాలు మళ్ళీ భుజానికెక్కింది.

నాకు ఉద్యోగం వచ్చిన ఏడాదే తాత పోయాడు. ఆ మొలతాడు చెవిని అవ్వ తీసి తన కొంగుకు ముడి వేసుకుంది. బండి మాత్రం చాలాకాలం నాతో ఉంది. మీట నొక్కితే కదిలే కొత్తది కొన్న తర్వాత కూడా ఇంటి ముందు వానకు తడుస్తూ నిలబడే ఉండేది. ఇంట్లో అందరూ పోరుపెట్టగా పెట్టగా, మొన్న అమ్మేశాను. కొల్లాపూర్ నుంచి వచ్చి మా కాలేజీలో చదువుకునే ఒక పిల్లవాడు కొన్నాడు. ఇక్కడ గది అద్దెకు తీసుకుని ఉంటున్నాడు, మామిడికాయల కాలంలో తోటలో కూలికి పోయి పోగుచేసుకున్నానన్నాడు. డబ్బు తీసుకున్నాను, కాగితాలు ఇచ్చాను. వాడు బండి సీటు తుడుచుకుని, నా వైపు తిరిగి చెయ్యి చాపాడు.

"సార్, తాళం?"

నా చెయ్యి జేబులోకి పోయింది, చెవిని పట్టుకుంది, బయటికి మాత్రం రాలేదు. "తాడు ఇయ్యరు నాయినా. తాడు అమ్మినోనిదే" అన్నాను. వాడు నా వైపు చూసిన చూపు నాకు బాగా తెలుసు. గద్వాల వీధిలో నేను చాచా వైపు చూసిన చూపే. పైకి సారు కాబట్టి ఏమీ అనలేక, లోపల నాకు పిచ్చి పట్టిందని నిశ్చయించుకుని, బిక్కముఖం వేశాడు. "నీ దగ్గర ఏ తాళంచెవి ఉంటె అది పెట్టి సూడు" అన్నాను. వాడు అనుమానంగా తన గది తాళంచెవి తీసి పెట్టి తిప్పాడు. టక్కుమంది. లైటు వెలిగింది. వాడు పగలబడి నవ్వాడు. ఒక్క కిక్కుకే ఇంజను అందుకుంది. వాడు వీధి చివర మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. నేనూ నవ్వుతూనే ఉన్నాను గానీ, కళ్ళకు ఎందుకో సరిగా కనబడలేదు. లోపలినుంచి మా ఆవిడ, "తాళం ఇచ్చినవా?" అని కేకేసింది. ఇయ్యలేదన్నాను. ఎందుకు ఇవ్వలేదని అడిగింది. అవ్వ పెట్టెది కదా అన్నాను. ఆ పెట్టె ఇప్పుడు లేదు. ఆ సంగతి మా ఆవిడకూ తెలుసు, మళ్ళీ అడగలేదు.